మెట్లు కట్టించినవారు, దారి చూపినవారు

దర్శి చుట్టుపక్కల పత్తి, మిరప చేల మధ్య పెరిగిన మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లల్లో చాలామంది నల్లమలను బస్సు కిటికీలోంచే చూసి ఉంటారు. అందుకే ఒక వేసవిలో, ఉగాదికి కన్నడ యాత్రికులు కాలినడకన శ్రీశైలం వచ్చే రోజుల్లో, మేం కొందరు ఉపాధ్యాయులం, చదువుకుంటున్న యువకులం కలిసి ఆ కాలిబాటలో ఒక రోజు నడిచాం.

శ్రీశైలానికి తూర్పు ద్వారం మన జిల్లా వైపున్న త్రిపురాంతకం. మేం నడిచింది మాత్రం ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వచ్చే పాత దారి. ఎండ ముదరకముందే కైలాసద్వారం దగ్గర మెట్లు దిగడం మొదలుపెట్టాం. రెండు పక్కలా పొరలు పొరలుగా నిలువు బండలు. మార్కాపురంలో పలకలుగా చీలే రాయి, పిడుగురాళ్లలో సున్నంగా కాలే రాయి మనకు తెలుసు. ఇక్కడిది వాటికంటే గట్టి రాయి. కింద లోయలో వెదురు, తునికి, మద్ది. నీడలోకి వచ్చాకే అందరికీ ఊపిరాడింది.

ఈ మెట్ల గురించి పుస్తకాలు ఒక పేరు చెబుతాయి. అద్దంకి రాజధానిగా 14వ శతాబ్దంలో పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. అద్దంకి మనకు పక్క ఊరే. ఆ కీర్తి శాసనాల్లో ఉంది. కానీ మెట్లకు ముందు కాలిబాట ఉండాలి కదా! నీరు ఎక్కడుందో, మృగం ఎటు తిరుగుతుందో తెలిసినవాళ్లు ఉండాలి కదా! ఆ పని చేసింది చెంచులు. యాత్రికులకు కాపుగా నడిచి రుసుం తీసుకునే ఆచారం వాళ్లకుండేది. మల్లికార్జునుణ్ణి వాళ్లు చెంచు మల్లయ్య అంటారు, తమ ఇంటి అల్లుడంటారు. మన ప్రాంతంలో గిరిజనేతరుల ఇళ్లలో కూడా చెంచయ్య, చెంచమ్మ అనే పేర్లు ఎన్ని లేవు?

మాతో వచ్చిన చెంచు తాత ఒక బండ చరియ చూపించాడు. పైనుంచి తాడు కట్టుకుని దిగి తేనె తీస్తారట. "పైన తాడు ఎవరు పట్టుకుంటారు తాతా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. "పెండ్లాం తోడబుట్టినోడు. చెల్లెలు ముండమోయాలని ఏ అన్నా కోరుకోడు గదా" అన్నాడు తాత. ఒక్క మాటలో వాళ్ల బంధుత్వం, వాళ్ల న్యాయం తెలిసిపోయాయి.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక ఈ అడవులు రిజర్వు అయ్యాయి. కట్టె, మేత, వేట అన్నీ అనుమతి సంగతులయ్యాయి. దారి చూపినవాడే దారి తప్పినవాడిలా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. పక్కనున్న పల్నాడులో పుల్లరి పన్నుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆయన పేరు పాఠాల్లో ఉంది. చెంచు దారికాపుల పేరు ఒక్కటీ లేదు.

భీముని కొలను దగ్గర సద్ది విప్పుకుని కూర్చున్నప్పుడు మేం మాట్లాడుకున్నది ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఒకటుంది. హక్కు కోరేవారు కాక మరో పెద్దమనిషి చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవర చోటు కూడా సాక్ష్యమే. అంటే తాత నోటి మాటకు, కాగితం మీద పెడితే, చట్టంలో విలువ ఉంది. పెట్టకపోతే అది తాతతోనే పోతుంది.

తిరిగి మెట్లెక్కుతుంటే పిల్లలు అలసిపోయారు. తాత మాత్రం ప్రతి మలుపుకూ, ప్రతి చెలమకూ పేరు చెబుతూనే ఉన్నాడు. మొదట్లో వింటూ నడిచిన పిల్లలు, తర్వాత నోటు పుస్తకాలు తీశారు. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ వేసవి సెలవుల్లో మీ బడి పిల్లలకు ఇదే ఇంటిపని ఇవ్వండి. గూడెంలో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని, వాళ్లు నడిచిన దారుల పేర్లు రాసుకురమ్మనండి. రాజుల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. మనవాళ్ల పేర్లు రాయవలసింది మనమే.