అఫ్జల్‌గంజ్ తీర్పు, నాలోక్సోన్ సూది

క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి చూడాలా, ఊపిరి చూడాలా? 1880లలో వైద్యులను రెండు వర్గాలుగా చీల్చిన ఈ తగవు తేల్చుకోవడానికి లండన్ వాళ్లు మన హైదరాబాదులో మూసీ ఒడ్డునున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి రావలసి వచ్చింది.

అప్పటి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ దగ్గర చదువుకున్నవాడు. నాడి పట్టుకుని కూర్చుంటే రోగి చేజారిపోతాడు, ఛాతీ కదలిక మీద కన్నేసి ఉంచండి అన్నది ఆయన పట్టు. 1888లో కమిషన్ వేసి, జంతువుల మీద ప్రయోగాలు చేయించి అదే తేల్చాడు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అంటూ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చింది. 1889 చివర్లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండే ముందు ఆగుతుందన్న నమ్మకంతో వచ్చినవాడు, వందల ప్రయోగాలు కళ్లారా చూశాక, ఆగేది ముందు ఊపిరేనని ఒప్పుకున్నాడు. ఇక్కడి మెడికల్ స్కూలులో ఆ కాలంలోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత ఏళ్ల తరబడి ఈ నగరంలో మత్తు ఇచ్చింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె ఒకరు. లాల్ దర్వాజాలో పుట్టి, మత్తు డాక్టరుగానే రిటైరైన నాకు ఆ పేరు తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

లారీ వాదనంతా నిలబడలేదు. తేలికపాటి క్లోరోఫాంలోనూ గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోగలదని 1911లో వైద్యుడు ఎ.జి. లెవీ చూపించాడు. కానీ నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్, ఫెంటానిల్ విషయంలో లారీ మాటకు తిరుగులేదు. మోతాదు మించితే మెదడు ఊపిరి తీయడం మరిచిపోతుంది. గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మనిషిని కాపాడుకోవడానికి ఉన్న వ్యవధి ఆ కాసేపే.

లారీ రోజుల్లో నల్లమందు ఎక్కువైన మనిషికి కడుపు కడిగేవారు, చిక్కటి కాఫీ పట్టించేవారు, నిద్రపోనివ్వకుండా నడిపించేవారు. దీనికి విరుగుడైన నాలోక్సోన్‌కు 1961లో పేటెంటు దరఖాస్తు పడింది, 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక మార్ఫిన్ ఎక్కువై గురకతో నిమిషానికి ఆరుసార్లు మాత్రమే ఊపిరి తీసే రోగులను చూశాను. పెదవులు నీలం, కంటిపాప గుండుసూది మొన. ఆంపుల్ మెడ విరిచి, ఒక మిల్లీలీటరులో ఉన్న 400 మైక్రోగ్రాముల మందును కొద్దికొద్దిగా నరంలోకి ఎక్కిస్తే, రెండు మూడు నిమిషాల్లో ఛాతీ నిండుగా లేస్తుంది, పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తారు. దాని ప్రభావం గంటకు అటూ ఇటుగా తగ్గిపోతుంది కాబట్టి రోగిని వదిలి కదలకూడదు.

ఈ మందును ఆసుపత్రి గడప దాటించింది వీధుల్లో పనిచేసిన వాళ్లే. షికాగోలో 1996 నుంచే మత్తు వాడేవారికి, వాళ్ల స్నేహితులకు ఇచ్చి వాడకం నేర్పారు. పక్కన ఉండే అవకాశమున్న ప్రతి ఒక్కరికీ అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పింది. 2023లో అమెరికా ముక్కులో కొట్టే స్ప్రేను చీటీ లేకుండా అమ్మనిచ్చింది. ఇప్పుడు అక్కడ లైబ్రరీల్లోనూ పెడుతున్నారు.

మన దగ్గర నాలోక్సోన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది, బజారులో కొనాలంటే మాత్రం డాక్టరు చీటీ కావాలి. దేశంలో సుమారు 2.26 కోట్ల మంది నల్లమందు జాతి మత్తు వాడుతున్నారని 2019లో ఎయిమ్స్ నివేదిక చెప్పింది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం అనే మత్తుమందుకు నాలోక్సోన్ విరుగుడు కాదు, ఆ మాట కూడా జనానికి చెప్పాలి. ఏం తిన్నాడో తెలియక ఇచ్చినా పెద్దగా చేటు లేదు. ఊపిరి అందించడం మాత్రం రెండింటికీ పనిచేస్తుంది.

108 అంబులెన్సు 2005లో ఈ నగరంలోనే మొదలైంది. బస్తీ దవాఖానాలూ 2018లో ఇక్కడే పుట్టాయి. అయితే బస్తీ దవాఖానాకు రాత్రి తాళం పడుతుంది, మత్తు మోతాదు మించిన చావులు వేళ చూసుకుని రావు. అందుకే శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా రాత్రి తెరిచి ఉండే మందుల షాపుల్లో, పోలీసు గస్తీ బళ్లలో, బస్టాండుల్లో నాలోక్సోన్ ఉంచాలి. వాడటం నేర్పాలి, చీటీ నిబంధన సడలించాలి. ఆరోగ్య శాఖకు నా విన్నపం ఇది. ఆ ఏర్పాటు వచ్చేలోగా, ఎవరైనా మత్తు ఎక్కువై పడి ఉంటే 108కి ఫోన్ చేయండి, తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తండి, ఊపిరి ఆగితే నోటితో ఊదండి. పోలీసు కేసవుతుందని భయపడి మాత్రం వదిలేసి వెళ్లకండి.