నోటిపూత చరిత్ర

నోటిలో పుండ్లు లేచినా, నాలుక ఎర్రబడినా, తెల్లని పొర కట్టినా తెలుగువారు “నోరు పూసింది” అనే అంటారు. కాని వీటన్నింటికీ కారణం ఒక్కటి కాదు. విరిగిన పాల తరకలవలె నాలుకకు, బుగ్గల లోపలి భాగానికి అంటుకొని, తుడిచినచోట ఎర్రగా కనిపించే పూతకు కారణం ఈస్టు జాతికి చెందిన ఒక శిలీంధ్రం. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలోని చంటిబిడ్డకైనా, పారిస్ నగరంలోని బిడ్డకైనా ఈ పూత ఒక్కటే. దీని గుట్టు తెలియడానికి మాత్రం రెండువేల సంవత్సరాలకు పైగా పట్టినది.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట వెలసిన గ్రంథాలలోనే, క్షీణించిన రోగుల నోటిపూత ప్రస్తావన ఉన్నది. 1839లో జర్మనీకి చెందిన లాంగెన్‌బెక్ ఒక సన్నిపాత జ్వర రోగిలో ఈ శిలీంధ్రాన్ని చూచి, అదే జ్వరానికి మూలమని పొరబడినాడు. 1841లో స్టాక్‌హోమ్‌లో బెర్గ్, 1842లో పారిస్‌లో గ్రూబీ దీనికీ శిశువుల నోటిపూతకూ గల సంబంధాన్ని నిరూపించారు. 1923లో బెర్ఖౌట్ ఈ జాతికి “కాండిడా” అని పేరు పెట్టినది. నేటి పేరు “కాండిడా ఆల్బికాన్స్”. ఈ రెండు లాటిన్ మాటలకూ తెలుపు అనియే భావం.

కారణం తెలిసినా మరొక చిక్కు మిగిలినది. ఆరోగ్యవంతులైన అనేకుల నోళ్ళలో కూడా ఈ శిలీంధ్రం ఉంటుంది. మరి వారికి పూత ఎందుకు రాదు? లాలాజలం, శరీరపు రోగనిరోధక శక్తి, నోటిలోని బాక్టీరియాలు కలిసి దానిని అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు తప్పినప్పుడే అది వ్యాధి అవుతుంది.

ఈ సంగతి ఆంటీబయాటిక్‌ల కాలంలో స్పష్టమైనది. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చినది. ఇట్టి మందులు ఎందరి ప్రాణాలనో కాపాడినవి. అయితే అవి బాక్టీరియాలను చంపగలవు గాని శిలీంధ్రాన్ని చంపలేవు. పోటీ తొలగగా కొందరు రోగులలో శిలీంధ్రం విజృంభించినది.

విరుగుడు మట్టిలోనే దొరికినది. తొలకరికి ఆత్మకూరు చేలలో లేచే మట్టివాసనకు ముఖ్య కారణం స్ట్రెప్టోమైసిస్ మొదలగు సూక్ష్మజీవులు. వర్జీనియాలోని ఒక పొలం మట్టిలోని అట్టి జీవి నుండి ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాండ్రు నిస్టాటిన్‌ను వేరుచేసి, 1950లో ప్రకటించారు. వారు పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రం పేరే మందుకు పెట్టారు. దానిపై వచ్చిన కోటి ముప్పై లక్షల డాలర్లకు పైబడిన రాయల్టీని తాము తీసుకొనక విజ్ఞాన పరిశోధనకే ఇచ్చివేశారు.

నేడు నిస్టాటిన్ చుక్కలే గాక క్లోట్రిమజోల్, ఫ్లూకొనజోల్ వంటి మందులూ ఉన్నవి. ఏది, ఎంత, ఎన్నాళ్ళు వాడవలెనో వైద్యుడు నిర్ణయించవలెను. పాలిచ్చే తల్లి చనుమొనలకు కూడా శిలీంధ్రం సోకితే ఇద్దరికీ కలిపి చికిత్స చేయవలెను. తేనెలో వెలిగారం కలిపి పూయడం పాత అలవాటు. అది పసివారికి తగదు. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాపాయకరమైన జబ్బు రావచ్చును. వెలిగారం కడుపులోకి పోతే విషం.

పెద్దవారిలో పూత మాటిమాటికి వస్తే మధుమేహం, కట్టుడు పళ్ళ అపరిశుభ్రత, ఉబ్బసానికి పీల్చే స్టీరాయిడ్ మందు వంటి కారణాలను వెదకవలెను. 1981 జూన్‌లో అమెరికాలో ఎయిడ్స్‌ను గూర్చి వెలువడిన మొదటి నివేదికలోని 5గురు రోగులకూ కాండిడా సోకియే ఉన్నది. హిపోక్రటీసు నాటి వైద్యులు క్షీణించిన దేహాలలో ఈ పూతను గమనించడం ఊరక పోలేదు. పూతను మాన్పడం చికిత్సలో సగమే. అది ఎందుకు వచ్చినదో తెలుసుకొనడం మిగిలిన సగం.