అడగకుండా వదిలేసిన ఊళ్లు

పెద్ద ప్రాజెక్టు కట్టే ముందు అక్కడి జనాన్ని అడగాలనే నియమం మన దేశంలో అంత పాతదేమీ కాదు. పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ 1994 జనవరిలో వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ సభ తప్పనిసరి అయింది మాత్రం 1997 సవరణతోనే. అంతకుముందే కట్టేసిన మాచ్‌ఖండ్, శ్రీశైలం కింద మునిగిన ఊళ్లకు ఆ పాటి సభ కూడా దక్కలేదు.

నియమం వచ్చాక ఎలా అమలైందో పోలవరం చూస్తే తెలుస్తుంది. 2005 అక్టోబరు 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో ఒకే రోజు సభలు పెట్టారు. అదే నెల 25న కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చేసింది. మధ్యలో ఉన్నవి పదిహేను రోజులు. పరీక్ష పేపర్లు దిద్దడానికే మన టీచర్లకు అంత సమయం పడుతుంది! కోయ, కొండరెడ్డి ఊళ్లు వందల్లో మునిగే ప్రాజెక్టు మీద జనం చెప్పిన మాటల్ని ఆ కొద్ది రోజుల్లో ఎవరు చదివారు, ఎంత చదివారు?

డ్యాం నీరు శబరి వెంట వెనక్కి తన్నితే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఊళ్లకూ ముంపే. అక్కడ ఒక్క సభ కూడా పెట్టలేదు. అక్కడున్నదీ మన కోయలే, ఇచ్చిపుచ్చుకునే చుట్టాలే. ఆ రెండు రాష్ట్రాల జనాన్ని అడగలేదన్న కారణంతో 2007 డిసెంబరు 19న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతిని కొట్టేసింది. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. పని సాగింది.

ఈలోగా 2006లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. సభకు 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. మన ఏజెన్సీలో ఆ స్థానిక భాష తెలుగే అవుతుంది, కోయ కాదు. ఇంతమంది వస్తేనే సభ అనే కోరం లేదు. చివర్లో మినిట్స్ చదివి వినిపించాలి. చదువుకున్న మన పిల్లలు అప్పటిదాకా కదలకుండా కూర్చోవాలి. ఎందుకంటే పైకి వెళ్లేది ఆ కాగితమే.

ఇంత చేసినా ఆ సభలో మనం చెప్పేది అభిప్రాయమే. వద్దంటే ఆగిపోవాలని ఆ నోటిఫికేషన్‌లో ఎక్కడా లేదు. గ్రామసభ తీర్మానానికున్న బలం వేరు. ఒడిశాలోని నియంగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అటవీ హక్కుల చట్టమే దానికి ఆధారం. ఆ ఏడాదే 12 ఊళ్లలో, ఏ ఊరి సభ ఆ ఊళ్లోనే, జిల్లా జడ్జి ఎదుట జరిగింది. డోంగ్రియా కోందులు, వాళ్ల ఇరుగుపొరుగు పన్నెండు చోట్లా వద్దన్నారు. 2014 జనవరిలో కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది.