కోలారు గనుల్లో నేల కదలిక: లెక్కల చరిత్ర

కోలారు నుంచి కుప్పం పొలిమేరల దాకా సాగే సన్నని శిలాపట్టీ పాత అగ్నిపర్వతాల శేషం. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందట పొంగిన బసాల్టు లావా వేడికీ ఒత్తిడికీ రూపు మారి హార్న్‌బ్లెండ్ షిస్టు అయింది. దాని మధ్య పలుగురాయి చారల్లో బంగారం ఉంది. కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా ఈ పట్టీలోవే.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో తవ్వకం చేపట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి తెలుగు, తమిళ కూలీలు వలస వెళ్లారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. లోతు పెరిగేకొద్దీ గోడలు ఉన్నట్టుండి పేలడం మొదలైంది. మొదట్లో దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అనేవారు, తర్వాత రాక్ బరస్ట్ అన్నారు. ఖనిజం తీసిన చోట పైభారమంతా మిగిలిన రాతిమీద పడుతుంది. ఒత్తిడికి లోనై రాయి దాచుకున్న శక్తి, అది విరిగినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది.

ఇలాంటి కదలికను లెక్కగట్టే గణితం అగ్నిపర్వతాలకూ గనులకూ ఒకటే: సాగే గుణమున్న ఘనపదార్థాల సిద్ధాంతం. 1958లో జపాన్ శాస్త్రవేత్త కియూ మోగి, అగ్నిపర్వతం కింద కరిగిన రాయి నిండిన మాగ్మా గదిని నేల లోపల ఉబ్బే ఒక బిందువుగా తీసుకున్నారు. ఆయన సూత్రం ప్రకారం నేల ఎక్కువగా లేచేది ఆ బిందువుకు సరిగ్గా పైన; గది లోతుకు సమానమైన దూరంలో ఆ ఎత్తు సుమారు 35 శాతానికి పడిపోతుంది. కాబట్టి ఉబ్బు విస్తరించిన తీరు నుంచి గది లోతును రాబట్టవచ్చు. 1960లలో దక్షిణాఫ్రికాలో మిక్లోష్ సాలమన్ ఇదే సిద్ధాంతాన్ని గనులకు అన్వయించారు. ఆయన పద్ధతిలో తవ్విన రీఫ్ (ఖనిజపు చార) సన్నని పగులు. దాని రెండు గోడలూ ఎంత దగ్గరవుతాయో లెక్కతేలితే విడుదలయ్యే శక్తీ తెలుస్తుంది.

లెక్కలతో పాటు కొలతలూ సాగాయి. 1965లో హిందూపురానికి చేరువలోని గౌరిబిదనూరులో భూకంపాల నమోదు కేంద్రం ఏర్పడింది. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం సహకారంతో కేజీఎఫ్‌లోనే నమోదు యంత్రాల వ్యవస్థ వచ్చింది. ఒక్కో యంత్రానికి తరంగం చేరిన వేళల తేడాను బట్టి పేలుడు చోటును గుర్తించేవారు. 1988లో జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంస్థ అక్కడే వెలసింది.

లెక్కలో రాయి అంతటా ఒకే తీరున ఉన్నట్టు భావిస్తారు. కోలారు రాతిలో భ్రంశాలు, డైకులు (చొచ్చుకొచ్చిన రాతి గోడలు) ఉన్నందున ఫలితాన్ని కొలతలతో సరిచూడక తప్పదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఖాళీలను నీరు నింపుతున్న కాలంలోనూ కంపనాలు నమోదయ్యాయి.