రేకుపెట్టె తాళంచెవి

మా అమ్మ దుర్గిలో ఉంటుంది. అన్నయ్య డాలస్‌లో, నేను హైదరాబాదులో, తమ్ముడు నరసరావుపేటలో. ఇంటి కాగితాలన్నీ మాత్రం అమ్మ మంచం కింద రేకుపెట్టెలోనే. కాగితం గడప దాటకూడదన్నది మా తాతగారి కట్టడి. ఆయన కరణం లెండి!

పాతతరం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎవరి పొలం ఎంత, హద్దులేవి, శిస్తెంత, అన్నీ కరణంగారింట్లో గుడ్డమూటల్లో ఉండేవి. ఊరంతటికీ లెక్క ఒకటే, దానికి కాపలా ఒక్కడే. మంచివాడైతే ఊరు నిశ్చింతగా నిద్రపోయేది. కాకపోతే, సామెతలు ఉండనే ఉన్నాయి. మా తాతగారు ఏ కోవలోవారో మనవరాలిగా నేను చెప్పడం న్యాయం కాదు. 1984లో రామారావుగారి ప్రభుత్వం ఆ పద్ధతిని రద్దు చేశాక సర్కారు లెక్కలు సర్కారుకు పోయాయి. సొంత దస్తావేజులు పెట్టెలో మిగిలాయి.

ఒక వర్షాకాలం ఆ పెట్టె అడుక్కి చెదలు పట్టింది. నా మేనల్లుడు, అంటే తమ్ముడి కొడుకు, సెలవులకొచ్చి మిగిలినవన్నీ ఫొటోలు తీశాడు. ఏదైనా పెద్ద కంపెనీవాళ్ల దగ్గర దాచేద్దామన్నాడు అన్నయ్య. "మన కాగితాలు ఎవరి ఇంట్లోనోనా?" అంది అమ్మ. సరేనని వాడు చిన్న కంప్యూటరొకటి తెచ్చి, రెండు డిస్కులు తగిలించి, దేవుడి గది పక్క గూట్లో పెట్టి ఇన్వర్టరుకు కలిపాడు. హోమ్ సర్వర్ అంటారట. కాగితం ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడున్నా మనం చూసుకోవచ్చు.

ముగ్గురికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. సొంతవాళ్లమే కదా! ఏడాది తిరక్కుండా భాగపంపకాల దస్తావేజు సర్వర్లోంచి మాయమైంది. ముగ్గురమూ ఒకే పేరుతో వెళుతుంటే ఎవరు తీశారో అది మాత్రం ఏం చెబుతుంది? రెండో డిస్కులో నకలుంది కదా అంటే, అది మొదటిదానికి నీడలాంటిదట. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అసలు కాగితం పెట్టెలో భద్రంగానే ఉంది. అయినా నెల్లాళ్లు మా మాటలు ముక్తసరి అయిపోయాయి. పొలం అమ్మే మాట అప్పుడే వచ్చిందేమో, ప్రతివాళ్లకీ ఎదుటివాళ్ల మీదే అనుమానం. చివరికి నాకే గుర్తొచ్చింది. ఫోనులో జాగా లేదని పాతవి చెరిపేస్తున్నప్పుడు నా వేలే అక్కడ పడింది. ఒప్పుకోడానికి ఇంకో వారం పట్టింది.

ఆ సిగ్గుతోనే పూర్వులు ఇలాంటివి ఎలా కాపాడుకున్నారా అని చదవడం మొదలుపెట్టాను. దూరం వెళ్లక్కర్లేకపోయింది. రాతిపనికి పేరుపడ్డ మా దుర్గిలోనే 1269 నాటి జన్నిగదేవుడి శాసనం ఉంది. కాకతీయులకు సామంతుడాయన. రుద్రమదేవిని అందులో 'పట్టోద్ధతి' అన్నారు. అంటే రాణిగా నిర్ణయమైంది గాని పట్టాభిషేకం ఇంకా కాలేదని చరిత్రకారులు అర్థం చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే గణపతిదేవుడు అప్పటికి జీవించే ఉన్నాడన్నారు. ఏడువందల యాభై ఏళ్లు దాటినా ఆ మాట అలాగే ఉంది. చదవడానికి అందరికీ హక్కుంది, దిద్దడానికి ఎవరికీ లేదు.

రాగిరేకులది ఇంకో తెలివి. రేకులకు బెజ్జం వేసి, కడియం గుచ్చి, దాని కొసలు రాజముద్ర కింద అతికేసేవారు. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు ఉంటాయి. మధ్యలో రేకు చేర్చాలన్నా, తీయాలన్నా కడియం కోయాల్సిందే. అందుకే శాసన పరిశోధకులు ముందు కడియం కోసి ఉందా లేదా అని చూస్తారు. దొంగ రేకులు పుట్టకపోలేదనుకోండి!

ఇవన్నీ దగ్గరికెళ్లి చూసేవాళ్లకి. దూరాన్నుంచి చూడాలంటేనే చిక్కు. ఒక కంప్యూటరులోంచి ఇంకోదాన్లోకి ఫైళ్లు పంపే ఎఫ్.టి.పి. పద్ధతిని 1971లో రాసింది మనవాడే, కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టులో చదివిన అభయ్ భూషణ్. కానీ అందులో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టే వెళ్లేది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఎన్నడూ కలుసుకోని ఇద్దరు, పదిమంది వింటుండగానే తమ ఇద్దరికే తెలిసిన రహస్యం కుదుర్చుకోవచ్చని 1976లో డిఫీ, హెల్మన్ అనే అమెరికన్లు లెక్క కట్టి చూపించారు. అయినా 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎవరో తీగలో చెవిపెట్టి పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడి టాటు యులోనెన్‌కి ఒళ్లు మండి ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతి రాశాడు. మేనల్లుడు ఇప్పుడు మా ఇంట్లో పెట్టింది అదే.

వాడు చెప్పింది నాకర్థమైనంత చెబుతాను. మా ఇంటి ఇంటర్నెట్టుకు సొంత వీధిగుమ్మం లేదు. చాలా ఇళ్లకు కలిపి ఒకటే గుమ్మం కాబట్టి బయటినుంచి తలుపు తట్టడం కుదరదు. అందుకని సర్వరే లోపల్నుంచి వెళ్లి, అద్దెకు తీసుకున్న ఒక యంత్రం దగ్గర దారి తెరిచి కూర్చుంటుంది. మేం ఆ దారినే వెళతాం. చెవులు రెండు చివర్లా ఉంటాయి గనుక మధ్యవాడికి మూట కనిపిస్తుంది తప్ప లోపల ఏముందో కనిపించదు. ఇప్పుడు ఎవరి చెవి వారిదే. మేం ముగ్గురం చదవగలం. చేర్చడం, చెరపడం అమ్మవంతు. రోజూ ఒక నకలు, మా చెయ్యి తగలని మూడో డిస్కులోకి వెళుతుంది.

మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ తన వేలిముద్ర చూపిస్తుంది. నలభై మూడు అక్షరాలు, అంకెలు. అది మన సర్వరేనా, మధ్యలో ఎవరైనా వేషం కట్టారా అని సరిపోల్చుకోవాలి. అన్నయ్య చూడకుండానే సరే కొట్టేశాడు. అమ్మ ఊరుకుందా? బీరువా తలుపుకు అంటించిన చీటీ ముందు కూర్చుని, కళ్లజోడు సర్దుకుంటూ ఫోనులో చదివింది. "పెద్ద క్యూ... చిన్న జి... ఏడు... ఉందిట్రా?"

"ఉందమ్మా."

"చూసి చెప్పు. నాన్నగారి ఎదుట ఇలాగే తలూపేవాడివి."

నలభై మూడూ అయ్యాక తన చెవికి పెట్టుకున్న రహస్యవాక్యాన్ని ఒక కాగితం మీద రాసి, మడిచి, లక్కతో అతికించింది. తన తరవాత ముగ్గురూ ఒకచోట కూర్చున్నప్పుడే విప్పాలట. దాన్ని రేకుపెట్టెలో తాతగారి గుడ్డమూట కింద పెట్టి, తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది.