స్కాట్లాండ్ ప్రభు బిరుదులు - శాసన నిర్మాణంలో వాటి పాత్ర

స్కాట్లాండ్ రాజులు తమ కింది ప్రభువులకు ఇచ్చిన వంశపారంపర్య హోదాలను స్కాటిష్ పీరేజీ అంటారు. పై నుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, పార్లమెంటు లార్డు అని అందులో అయిదు అంతస్తులు. ఇంగ్లండులో అయిదో అంతస్తు బ్యారన్‌ది. స్కాట్లాండులో బ్యారన్ అంటే రాజు నుంచి నేరుగా భూమి పొందిన భూస్వామి మాత్రమే. అతను పీర్ల లెక్కలోకి రాడు.

ఈ బిరుదుదారులు 13వ శతాబ్ది నుంచి 1707 దాకా సొంత దేశపు పార్లమెంటులో కూర్చుని చట్టాలు చేశారు. 1707 నుంచి 1963 దాకా తమలో 16 మందిని ఎన్నుకుని లండన్‌లోని ప్రభువుల సభకు పంపారు. 1963 నుంచి 1999 దాకా అందరికీ ఆ సభలో చోటు దొరికింది. ఆ తర్వాత పుట్టుకతో వచ్చే ఆసనం దాదాపుగా రద్దయింది. బిరుదులు మాత్రం నేటికీ చెల్లుతున్నాయి.

పుట్టుక

స్కాట్లాండుకు మూలమైన గేలిక్ రాజ్యం ఆల్బాలో ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో మోర్మేర్ ఏలేవాడు. సైన్యాన్ని సమకూర్చడం, కప్పం వసూలు చేయడం, తగవులు తీర్చడం అతని పనులు. 12వ శతాబ్దిలో ఈ మోర్మేర్లే క్రమంగా ఎర్ల్‌లయ్యారు. మొదటి డేవిడ్ (1124-1153) ఆంగ్లో-నార్మన్ కుటుంబాలను రప్పించి భూములిచ్చాడు. బ్రూస్ వంశానికి అన్నండేల్ దక్కింది అలాగే. భూమి పుచ్చుకున్నవాడు రాజుకు సైనిక సేవ చేయాలి, పిలిచినప్పుడు కొలువుకు వచ్చి సలహా చెప్పాలి. మొదట్లో అది గౌరవం కన్నా భారమే. ఆ కొలువే పార్లమెంటుకు మూలం. 1235లో కిర్క్‌లిస్టన్‌లో రెండో అలెగ్జాండర్ జరిపిన సమావేశాన్ని దాని తొలి ఆనవాలుగా చెబుతారు.

భూమి కౌలు కన్నా పై స్థాయిలో, వట్టి గౌరవంగా బిరుదులివ్వడం తరువాత మొదలైంది. 1398లో మూడో రాబర్ట్ తన కొడుకు డేవిడ్‌ను రోత్‌సే డ్యూక్‌గా, తమ్ముడు రాబర్ట్‌ను ఆల్బనీ డ్యూక్‌గా ప్రకటించాడు. స్కాట్లాండుకు వాళ్లే తొలి డ్యూక్‌లు. 1599లో హంట్లీ, హామిల్టన్ ప్రభువులు మార్క్విస్‌లయ్యారు. 1606లో ఫెంటన్ వైకౌంట్ బిరుదు వచ్చింది.

పార్లమెంటు లార్డు అనే అంతస్తు 15వ శతాబ్ది మధ్యకు స్థిరపడింది. చిన్న భూస్వాములకు ప్రతి సమావేశానికీ గుర్రమెక్కి రావడం ఖర్చుతో కూడిన పని. వాళ్లు రావక్కర్లేదని, జిల్లాకు ఇద్దరేసి తెలివైనవాళ్లను ఎన్నుకుని పంపితే చాలునని 1428లో మొదటి జేమ్స్ చట్టం చేయించాడు. ఆ చట్టం ఆచరణలోకి వచ్చింది 1587లో, ఆరో జేమ్స్ కాలంలో. ఈ లోగా పెద్ద భూస్వాములలో కొందరిని రాజు పేరుపేరునా పిలిపించడం ఆనవాయితీ అయింది. అలా పిలుపు అందుకునే హక్కు ఉన్నవాళ్లు పార్లమెంటు లార్డులయ్యారు. మిగిలినవాళ్లు బ్యారన్లుగానే ఉండిపోయారు.

ఒకే సభ, మూడు వర్గాలు

ఇంగ్లండులో ప్రభువులకో సభ, సామాన్యులకో సభ ఉండేవి. స్కాట్లాండ్ పార్లమెంటు మొదటి నుంచి చివరి దాకా ఒకే సభ. మతాధికారులు, ప్రభువులు, పట్టణ ప్రతినిధులు ఒకే గదిలో కూర్చునేవారు. 1326లో కాంబస్‌కెనెత్ సమావేశంలో రాబర్ట్ బ్రూస్ పన్ను కోసం పట్టణాల వారినీ పిలిచాడు. 1587 తర్వాత జిల్లా ప్రతినిధులు కూడా చేరారు. దాంతో ఒక డ్యూక్ ఓటుకూ ఒక పట్టణ వర్తకుడి ఓటుకూ లెక్కలో తేడా ఉండేది కాదు. ప్రభువుల బలమంతా వాళ్ల వెనుక ఉన్న భూమి, బంధుగణం, అనుచరులలోనే ఉండేది.

సభ మొదలయ్యే రోజున ఆ అంతస్తుల తేడా వీధిలో కనిపించేది. ఎడింబరోలో హోలీరూడ్ ప్యాలెస్ నుంచి పార్లమెంటు భవనం దాకా సభ్యులంతా గుర్రాలపై ఊరేగింపుగా వెళ్లేవారు. ముందు పట్టణ ప్రతినిధులు, తర్వాత జిల్లాల వాళ్లు, వెనుక ప్రభువులు తమ తమ వరుసలో సాగేవారు. కిరీటం, ఖడ్గం, రాజదండం మోసే పని పెద్ద ప్రభువులది. సభ ఆమోదించిన బిల్లు ప్రతిని రాజదండంతో తాకిస్తే అది చట్టమయ్యేది. ఈ ఊరేగింపు చివరిసారిగా 1703లో జరిగింది.

లార్డ్స్ ఆఫ్ ది ఆర్టికల్స్

బిల్లులు తయారుచేసే అసలు పని ఒక చిన్న సంఘం చేతిలో ఉండేది. 15వ శతాబ్దిలో రూపుదిద్దుకున్న ఈ సంఘం పేరు లార్డ్స్ ఆఫ్ ది ఆర్టికల్స్. సంఘం ముసాయిదాలు రాసేది, చివరి రోజున సభ మొత్తం వాటిపై ఓటేసేది. సంఘంలోకి రాని విషయం సభలోకి వచ్చేది కాదు. కాబట్టి సంఘాన్ని ఎవరు ఎన్నుకుంటారన్నదే స్కాట్లాండ్ రాజకీయాల్లో తెగని తగవు అయింది.

1633లో మొదటి చార్లెస్ దీనికో కిటుకు వాడాడు. ప్రభువులు ఎనిమిది మంది బిషప్‌లను ఎన్నుకోవాలి. ఆ బిషప్‌లు ఎనిమిది మంది ప్రభువులను ఎన్నుకోవాలి. ఈ పదహారు మంది కలిసి జిల్లాల నుంచి ఎనిమిది మందిని, పట్టణాల నుంచి ఎనిమిది మందిని తీసుకోవాలి. బిషప్‌లందరూ రాజు నియమించినవాళ్లే. వాళ్లు రాజుకు అనుకూలమైన ప్రభువులనే ఏరుకుంటారు, ఆపై ఎంపికంతా అదే దారిలో నడుస్తుంది. ఓటింగు రోజున చార్లెస్ స్వయంగా సభలో కూర్చుని, తనకు వ్యతిరేకంగా ఓటేసినవాళ్ల పేర్లు రాసుకున్నాడు. దీనిపై అసంతృప్తి తెలుపుతూ తయారైన వినతిపత్రం ప్రతి ఒకటి దగ్గర ఉంచుకున్నందుకు బాల్మెరినో లార్డుపై రాజద్రోహం కేసు పెట్టారు. జ్యూరీ ఒక్క ఓటు తేడాతో అతన్ని దోషిగా తేల్చింది. రాజు చివరికి క్షమించాడు గానీ, ప్రభువులలో పెద్ద భాగం మనసు విరిగిపోయింది. 1638లో రాజు మత విధానాన్ని ఎదిరించిన జాతీయ ఒడంబడిక ఉద్యమానికి ముందు నిలిచినవాళ్లలో బాల్మెరినో, రోథెస్, లౌడన్ ప్రభువులు ఉన్నారు.

1640 పార్లమెంటు బిషప్‌లను సభ నుంచి తప్పించింది. ప్రతి వర్గమూ తన సభ్యులను తానే ఎన్నుకునేలా సంఘం నిబంధనలు మార్చింది. రెండో చార్లెస్ గద్దెనెక్కాక 1660లలో పాత పద్ధతి తిరిగొచ్చింది. చివరికి 1690లో సంఘాన్నే రద్దు చేశారు. ఆ తర్వాతి పదిహేడేళ్లు స్కాట్లాండ్ పార్లమెంటు రాజు పట్టు లేకుండా బహిరంగంగా వాదించుకున్న కాలం.

విలీనం ఓటు

ఆ స్వేచ్ఛలోనే పార్లమెంటు తన ఉనికికి తానే స్వస్తి పలికింది. ఇంగ్లండుతో విలీన ఒప్పందంలోని మొదటి అధికరణం 1706 నవంబరు 4న ఓటుకు వచ్చింది. అనుకూలంగా 116, వ్యతిరేకంగా 83. జిల్లాల ప్రతినిధులు 37-33గా, పట్టణాల వాళ్లు 33-29గా చీలిపోయారు. ప్రభువులు మాత్రం 46-21. మొత్తం ఆధిక్యం 33 ఓట్లయితే, అందులో 25 ప్రభువుల వర్గం నుంచే వచ్చాయి.

రాణి ప్రతినిధిగా సభను నడిపించింది క్వీన్స్‌బెరీ డ్యూక్. బకాయి జీతాల పేరుతో లండన్ నుంచి రహస్యంగా వచ్చిన 20,000 పౌండ్లలో పెద్ద వాటా ఆయనకే చేరింది. వ్యతిరేకుల నాయకుడు హామిల్టన్ డ్యూక్ కీలకమైన రోజున పంటి నొప్పి సాకు చెప్పి వెనకడుగు వేశాడు. 1707 జనవరి 16న ఒప్పందం చట్టమైంది, మే 1న అమల్లోకి వచ్చింది. ఛాన్సలర్‌గా ఆ చట్టంపై సంతకం చేసిన సీఫీల్డ్ ఎర్ల్, ఆరేళ్లకే 1713లో విలీనాన్ని రద్దు చేయాలని ప్రభువుల సభలో తీర్మానం పెట్టాడు. అది నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది.

పదహారు మంది

విలీనం నాటికి స్కాట్లాండులో నూట యాభై మందికి పైగా పీర్లు ఉన్నారు. ఒప్పందం వాళ్లకు ప్రభువుల సభలో ఇచ్చింది పదహారు ఆసనాలు. ప్రతి సార్వత్రిక ఎన్నికకూ పీర్లు హోలీరూడ్ ప్యాలెస్‌లో, రాజుల చిత్రపటాలు వేలాడే గ్రేట్ గ్యాలరీలో సమావేశమయ్యేవారు. గుమాస్తా పేర్లు పిలిచేవాడు. పిలుపు వచ్చిన పీర్ లేచి, తాను ఓటేస్తున్న పదహారు పేర్లూ అందరూ వినేలా చదివేవాడు. రానివాళ్లు సంతకం చేసిన జాబితా పంపవచ్చు, లేదా మరొకరికి ఓటు అప్పగించవచ్చు.

రహస్య ఓటింగు లేకపోవడం ప్రభుత్వానికి కలిసొచ్చింది. 18వ శతాబ్దిలో మంత్రివర్గం తనకు నచ్చిన పదహారు పేర్లతో ముందే జాబితా తిప్పేది. పింఛను, సైన్యంలో ఉద్యోగం ఆశించేవాళ్లు ఆ జాబితాకే ఓటేసేవారు. ఎన్నికైన పదహారు మందిలో చాలామంది ప్రభుత్వం వైపు నమ్మకంగా ఓటేయడానికి కారణం ఇదే. 1719లో ఎన్నిక తీసేసి, 25 మందికి వంశపారంపర్య ఆసనాలిచ్చే బిల్లు వచ్చింది. సామాన్యుల సభ (కామన్స్) దాన్ని తోసిపుచ్చింది.

మరో దారి బ్రిటన్ పేరుతో ఇచ్చే కొత్త బిరుదు. హామిల్టన్ డ్యూక్‌కు 1711లో బ్రాండన్ డ్యూక్ బిరుదిస్తే, స్కాటిష్ పీర్‌కు ఆ దారిన ఆసనం చెల్లదని ప్రభువుల సభ తేల్చింది. ఆ నిర్ణయం 1782లో మారింది. అప్పటి నుంచి పలుకుబడి ఉన్న స్కాటిష్ కుటుంబాలు చాలా ఈ దారే పట్టాయి. భారత గవర్నర్ జనరల్ డల్హౌసీ స్కాట్లాండులో పదో ఎర్ల్ అయినా, ప్రభువుల సభలో ఆయనకున్న ఆసనం తండ్రికి 1815లో వచ్చిన బ్యారన్ బిరుదుది. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో గవర్నర్లుగా వచ్చిన ఎల్ఫిన్‌స్టన్ లార్డు (1837-42), ట్వీడేల్ మార్క్విస్ (1842-48) ఇద్దరూ ప్రతినిధి పీర్లుగా ఎన్నికైనవాళ్లే. నేపియర్ లార్డు (1866-72) మద్రాసు నుంచి తిరిగి వెళ్లాక ఎట్రిక్ బ్యారన్ బిరుదుతో సభలో అడుగుపెట్టాడు.

ఎన్నిక కాని పీర్ పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడి: ప్రభువుల సభలో చోటు లేదు, కామన్స్‌కు పోటీ చేసే హక్కూ లేదు. పీర్ల పెద్ద కొడుకులు కూడా 1832 దాకా స్కాట్లాండ్ స్థానాల నుంచి కామన్స్‌కు పోటీ చేయడానికి వీలుండేది కాదు.

బ్యారన్ల న్యాయస్థానాలు

పార్లమెంటులో ఆసనం లేని బ్యారన్‌కు సొంత నేలపై న్యాయాధికారం ఉండేది. దొంగను ఉరితీయడం, దోషి స్త్రీ అయితే నీట ముంచి చంపడం వరకూ ఆ అధికారం పోయేది. రీగాలిటీ అనే పెద్ద హక్కు ఉన్న ప్రభువుల నేలపై రాజు న్యాయాధికారులకే ప్రవేశం ఉండేది కాదు. విలీన ఒప్పందం ఈ హక్కులను సొంత ఆస్తిగా కాపాడింది. గద్దె కోల్పోయిన పాత రాజవంశాన్ని తిరిగి నిలబెట్టడానికి జరిగిన 1745 జాకబైట్ తిరుగుబాటు తర్వాత లండన్ ప్రభుత్వం మనసు మార్చుకుంది. 1747లో చేసిన చట్టం వంశపారంపర్య న్యాయాధికారాలను రద్దు చేసి, బదులుగా ప్రభువులకు సుమారు లక్షా యాభై వేల పౌండ్ల పరిహారం చెల్లించింది. బ్యారన్ కోర్టుకు చిన్న తగాదాలు మాత్రమే మిగిలాయి.

1963 తర్వాత

1963 పీరేజీ చట్టం పదహారు మంది ఎన్నికను రద్దు చేసి, స్కాటిష్ పీర్లందరికీ ప్రభువుల సభలో ఆసనం ఇచ్చింది. స్కాట్లాండులో చాలా బిరుదులు కూతుళ్లకూ దక్కుతాయి. వాళ్లు సభలో కూర్చోవడానికి వీలు కల్పించింది ఈ చట్టమే. వారిలో మార్ కౌంటెస్ 2020 దాకా సభలో కొనసాగింది.

బిరుదు వదులుకునే హక్కూ ఈ చట్టంతోనే వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రధాని అయిన పద్నాలుగో హోమ్ ఎర్ల్ నాలుగు రోజుల్లో బిరుదు వదిలి, సర్ అలెక్ డగ్లస్-హోమ్‌గా ఉప ఎన్నికలో గెలిచి కామన్స్‌లోకి వచ్చాడు. మధ్యలో కొన్నాళ్లు ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాని ప్రధాని. 1994లో ఎంపీ జేమ్స్ డగ్లస్-హామిల్టన్‌కు సెల్కర్క్ ఎర్ల్ బిరుదు సంక్రమిస్తే, కామన్స్ స్థానం పోకుండా కొద్ది రోజుల్లోనే దాన్ని వదిలేశాడు.

ప్రస్తుత స్థితి

1999 చట్టం 92 మందిని మినహాయించి వంశపారంపర్య సభ్యులందరినీ ప్రభువుల సభ నుంచి తప్పించింది. మిగిలినవాళ్లను కూడా తొలగించే బిల్లును 2024లో ప్రవేశపెట్టారు. 1999లోనే ఎడింబరోలో స్కాట్లాండ్ పార్లమెంటు మళ్లీ కొలువుతీరింది. పాతదానిలాగే ఇదీ ఒకే సభ. 129 మంది సభ్యులూ ఎన్నికైనవాళ్లే. జులై 1న జరిగిన ప్రారంభోత్సవంలో కిరీటం మోసింది హామిల్టన్ డ్యూక్. ఎర్ల్ బిరుదు వదులుకున్న డగ్లస్-హామిల్టన్ ఓట్లతో గెలిచి ఆ సభలో సభ్యుడయ్యాడు.

కొత్త పార్లమెంటు 2000లో భూస్వామ్య హక్కుల రద్దు చట్టం చేసింది. 2004 నవంబరు 28న అది అమల్లోకి వచ్చాక బ్యారన్ బిరుదుకు భూమితో ఉన్న ముడి తెగిపోయింది. బిరుదు పేరుగా మిగిలింది, అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ వీలుంది. పీర్ల బిరుదులు వారసులకు యథాప్రకారం సంక్రమిస్తాయి. భూమి ఇచ్చినందుకు రాజు కొలువుకు వచ్చి తీరాలన్న బాధ్యతతో మొదలైన ఈ వ్యవస్థకు ఇప్పుడు భూమిపై అధికారం గానీ, కొలువులో పుట్టుకతో వచ్చే చోటు గానీ లేవు.