వాల్వు మార్చే విద్య

దయాల్‌బంద్ నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నగరంలో ఒక పేట. బిలాస్‌పూర్‌కు రైలు పట్టణమన్న పేరు తెచ్చినది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ సంస్థ 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ వరకు దారి వేసింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి రాకపోకలు సుగమమయ్యాయి. రైల్వే కొలువులకు వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. పుట్టినగడ్డకు దూరమైన అటువంటివారికి మాతృభాషను ఇంటికి తెచ్చిన సాధనం రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. మీడియం వేవ్ ప్రసారాలు రాత్రివేళ వాతావరణపు పై పొరల నుంచి పరావర్తనం చెంది వందల మైళ్లు పయనిస్తాయి. అలా అందిన బలహీనమైన సంకేతాన్ని గదినిండా వినిపించే భారం ఆనాడు వాల్వులదే.

రేడియో పెట్టె వెనుక గ్రామఫోను పికప్ తగిలించడానికి రెండు రంధ్రాలు ఉండేవి. వేరే ఆంప్లిఫయరు కొనలేని ఇంట్లో రేడియోయే ఆంప్లిఫయరు. వాల్వు అలసిపోతే వార్తలతోపాటు పాటలూ మూగపోయేవి.

బెంగుళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ చేపట్టింది. అంతవరకు విదేశాలపై ఆధారపడిన వస్తువు స్వదేశంలోనే లభించసాగింది. అయితే సరైన వాల్వును ఎంచుకోవడానికి దాని పేరు చదవడం తెలియాలి. ఇసిసి 83 అన్న పేరులో మొదటి అక్షరం 6.3 వోల్టుల హీటరును, తరువాతి రెండు ‘సి’లు ఒకే గాజుబుడ్డిలోని రెండు ట్రయోడ్‌లను తెలుపుతాయి. అమెరికావారు దీనినే 12ఎఎక్స్7 అన్నారు. హీటరు రెండు సగాలనూ వరుసగా కలిపితే 12.6 వోల్టులు కావాలి కనుక ఆ పేరు. ఇసిసి 82 అదే సాకెట్లో అమరుతుంది. కాని మొదటిదాని వర్ధన గుణకం 100 కాగా, రెండవదానిది 20కి మించదు. సాకెట్లో పట్టింది కదా అని పెట్టినవారికి ధ్వని సన్నగిల్లడమే ఫలం.

గాజుబుడ్డి లోపలి వెండి పూత పాలవలె తెల్లబడితే గాలి చొరబడినట్లే. అది ఇక పనికిరాదు. పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గణగణ మోగేది తొలి దశకు తగదు. ఇఎల్ 84లు జంటగా పనిచేసే చోట రెండూ సమానమైన విద్యుత్తును తీసుకునేవి కావాలి. లేకుంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో సమతూకం చెడి పాట బొంగురుపోతుంది. పైన అచ్చయిన కంపెనీ పేరును మాత్రం పూర్తిగా నమ్మరాదు. ఒకరు చేసినదానిపై మరొకరు తమ పేరు వేసుకోవడం ఆ వ్యాపారంలో పాత అలవాటే.

అన్నిటికన్నా తరచుగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. చచ్చిన వాల్వును తీసి కొత్తది పెడతారు, చంపినదాన్ని వెతకరు. తొలి దశకు, పవర్ వాల్వుకు నడుమ ఉన్న కెపాసిటరు పాతబడి లీకయితే, గ్రిడ్‌పైకి ధన వోల్టేజి చేరుతుంది. దాంతో ఆనోడ్ ఎర్రగా కాలుతుంది. కొత్త వాల్వుకూ అదే గతి. అందుచేత ముందు ఆ కెపాసిటరును మార్చి, కేథోడ్ రెసిస్టరును కొలిచి, ఆ పిదపనే కొత్తది పెట్టాలి. స్విచ్చి ఆపిన తరువాత కూడా ఫిల్టరు కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. చేయిపెట్టే ముందు రెసిస్టరు ద్వారా వాటిని ఖాళీ చేయడం ప్రాణరక్షణకు అవసరం.

వాల్వులు విరివిగా దొరికిన రోజుల్లో ఈ పొరపాటుకు మూల్యం మరొక వాల్వు ధర మాత్రమే. ట్రాన్సిస్టరు రాకతో ఆ ఉత్పత్తి మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తవి రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి. బెంగుళూరు వాల్వులు మాత్రం పాత నిల్వల్లో మిగిలినవే. ఒకటి కాలితే, ఆ లెక్కలో ఒకటి తగ్గినట్లే.